అమ్మ కదిలిన ఫోటో

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫోటో. అందులో స్టూలు మీది టైంపీసు పదీ పది చూపిస్తోందని ఇప్పటికీ చదవొచ్చు. మా అమ్మ ముఖం మాత్రం చదవడానికి వీలు కాదు.

ఆ నేరం నాదే. నాకు మూడేళ్లప్పుడు, జమ్మలమడుగు పక్కనున్న మా ఊరి నుంచి బస్సెక్కి ప్రొద్దుటూరుకు పోయి తీయించుకున్న ఫోటో అది. ఆ రోజుల్లో ఫోటో అంటే మనుషులతో పాటు ఇంటి ఘనతలన్నీ అందులో పడాలి. అందుకని ముందు వరుసలో టైంపీసు, దాని పక్కన వెండి చెంబు. బడిపంతులైన మా నాయన, అరువు తెచ్చుకున్న వాచీ కనబడేలా చెయ్యి మోకాలి మీద పెట్టుకుని ఒక కుర్చీలో ఉన్నాడు. నాయనను కన్న మా జేజి ఇంకో కుర్చీలో, ఎవరి మీదో దావా గెలిచినట్టు కూర్చుంది. అమ్మ నన్ను చంకనేసుకుని వెనకాల ఓ మూల నిలబడింది. అందరూ మామా అని పిలిచే ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చగానే నేను జడుసుకుని గింజుకున్నాను. అమ్మ నా వైపు తిరిగింది. నేను కదిలాను, అమ్మ కరిగింది. బొట్టు, కళ్లు, ముక్కుపుడక అన్నీ కలిసి ఒక తెల్లటి చార అయిపోయాయి. అదేం న్యాయమో, నా ఏడుపు మూతి మాత్రం తేటగా పడింది.

నా ఏడో ఏట అమ్మ విషజ్వరంతో పోయింది. సంవత్సరీకం దగ్గర పడేసరికి దండ వేయడానికి పటం కావాల్సి వచ్చింది. ఉన్న ఫోటోలో ముఖం లేదు. జేజి ఒక ఉపాయం ఆలోచించింది. అమ్మ చెల్లెలైన మా చిన్నమ్మకు అమ్మ పచ్చ చీర కట్టించి, కూర్చోబెట్టి ఫోటో తీయించి, దాన్ని మామ చేత అక్కడక్కడా దిద్దించి, అమ్మ అనిపించడం. "ఒక కడుపున పుట్టినోళ్లే గదా, ముక్కు రవంత పొడుగు చేస్తే సరిపాయె" అనేది, రవికె కుట్టించినంత సులువుగా. మా వైపు అలా చేయించుకున్న ఇళ్లు లేకపోలేదు. సంగతి చీరతో ఆగదని, చిన్నమ్మను మా నాయనకు ఇచ్చే మాట కూడా నడుస్తోందని నాకెవరూ చెప్పలేదు. పిల్లలకు చెప్పని సంగతులే పిల్లలకు బాగా వినబడతాయి.

నా భయం మాత్రం వేరు. కళ్లు మూసుకుంటే అమ్మ ముఖం రావడం మానేసి అప్పటికే కొన్ని నెలలు. ఎవరితోనూ అనలేదు. ఫోటోలో చెరిపిందీ నేనే, మనసులో పోగొట్టుకున్నదీ నేనే. ఇక గోడ మీద చిన్నమ్మ ముఖం ఎక్కిందంటే, రోజూ దాన్నే చూసి చూసి, ఎక్కడో మిగిలిన కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది.

స్టూడియోలో మేడమెట్లు గీసిన తెర ముందు చిన్నమ్మను కూర్చోబెట్టారు. పదహారేళ్ల పిల్ల. కళ్ల నీళ్లు ఆగడం లేదు.

"కొంగు నెత్తిమింద కప్పుకో. ఏడిస్తే మొగం ఉబ్బుతాది, మీ యక్క మాదిరి ఉండవు" అని జేజి కసిరింది.

మామ కెమెరా మూత మీద చెయ్యి వేశాడు. నేను పరుగెత్తి పోయి కెమెరా స్టాండు కాలు వాటేసుకున్నాను. "మాయమ్మ మొగం నాకు మతికి రాలేదు మామా! చిన్నమ్మది పెడితే ఇంగ అసలే రాదు!" అని అరిచాను. కెమెరా ఊగింది. నాయన నా చెవి కోసం వచ్చాడు. మామ ఆయనను చేత్తోనే ఆపి, మేం టవల్లో చుట్టి తెచ్చిన పాత ఫోటోను బల్ల మీద పరిచి, రెండు అట్టముక్కలు నా చేతికిచ్చాడు.

ముందు టైంపీసు మూయమన్నాడు. మూశాను. జేజిని మూయమన్నాడు. ఆ పని మరీ ఇష్టంగా చేశాను. వాచీతో సహా నాయన కూడా అట్ట కిందికి పోయాడు. మూలనున్న అమ్మ నడిమికి వచ్చింది. ముఖం అప్పటికీ చారే. అయితే ఆ చార ఎటు పోయిందో ఇప్పుడు కనబడింది. మెడ వంపు, చెవి కమ్మ, నా వీపు మీద గట్టిగా పరుచుకున్న అయిదు వేళ్లు.

"చూడు పాపా. ఈళ్లంతా నా పెట్టెను చూస్తాండారు. మీయమ్మ ఒక్కతే నిన్ను చూస్తాంది" అన్నాడు మామ. నాయన వైపు తిరిగి, "ఆ పొద్దు ఫోటో చెడిపాయనని నేను గూడా తిట్టుకుంటి. నాకే చూసేది తెలీలేదు" అన్నాడు.

జేజి ఒప్పుకోలేదు. "మొగం లేని పటానికి బొట్టు యాడ పెట్టేదప్పా?" అంది. అడగాల్సిన ప్రశ్నే.

నాయన మాత్రం, "ఇదే పెద్దది చేసి కట్టియ్యి మామా" అన్నాడు. తర్వాత చిన్నమ్మ వైపు చూడకుండానే, "లెయ్యమ్మా, పోయి ఆ చీర మార్చుకో" అన్నాడు.

ఆ పూట ఆ కుర్చీలోంచి లేచిన చిన్నమ్మ, మరుసటేడు ఎట్లాగూ మా ఇంటికే వచ్చింది. అట్టముక్కలతో మూయగలిగేవి కొన్నే. తన చీరలో, తన ముఖంతో వచ్చింది, అదొక్కటే తేడా. ఆ తేడా ఎంతటిదో నేనూ ఒక ఇంటికి కోడలిగా పోయిన తర్వాత గానీ తెలియలేదు. ప్రతి శుక్రవారం పటం తుడిచేది ఆమే. బొట్టు ఎక్కడ పెట్టాలని ఎవరినీ అడగలేదు. అమ్మ వేళ్ల మీద, అద్దానికి, ఒక చుక్క పెట్టేది.

నేను డెబ్బై దాటాను. మీ అమ్మ ముఖం ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఎటు తిరిగి ఉండేదో మాత్రం చెప్పగలను.