కంప్యూటర్ నుదుటి బొట్టు

ఇతరులు వాడి వదిలిన వస్తువు మా ఇంటి గడప దాటకూడదు. తమిళనాట కోవిల్‌పట్టి చుట్టూ మాకు నల్లరేగడి పొలాలున్న రోజుల్లో తాత పెట్టిన కట్టుబాటు ఇది. పొలాలు పోయాయి. ఇంట్లో సగం అద్దెకిచ్చాం. కట్టుబాటు మాత్రం నిలిచింది. దాన్ని నేను ఇప్పటికీ తక్కువగా ఎంచను.

అయినా ఆ రోజు విరుదునగర్‌లో, పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే దుకాణంలో నిలబడ్డాను. కుర్చీ చూపించారు. కూర్చోలేదు.

కారణం మా మేనత్తలిద్దరు. పెద్దత్తకు పుట్టుకతోనే చెవుడు. ఆమె, చిన్నత్త పిల్లలప్పటి నుంచి చేతులతో మాట్లాడుకుంటారు. ఆ సైగలు వాళ్లు కల్పించుకున్నవే. చిన్నత్త కోవిల్‌పట్టిలో నా దగ్గర, పెద్దత్త విరుదునగర్‌లో కొడుకు ఇంట. చూడాలనిపిస్తే బస్సెక్కేవారు. పెద్దత్తకు తుంటి విరిగింది, చిన్నత్తకు మోకాళ్లు పట్టేశాయి. ఆ ప్రయాణం ఆగిపోయింది. ఫోన్‌లో చూపిస్తే, ఆ చిన్న తెర మీద వేళ్ల కదలిక ఇద్దరి కళ్లకూ ఆనలేదు.

"అత్తమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటుండాది. ఎవురికీ ఏమీ చెప్పదు," అంది ఫోన్‌లో పెద్దత్త కోడలు. ఆఫీసు పనికని ఆమె దగ్గర లాప్‌టాప్ ఉంది. మా వైపు కూడా పెద్ద తెర ఉంటే చాలు. కొత్తది కొనే స్తోమత నాకు లేదు.

"ఏదో కంపెనీ వాడి తిరిగిచ్చింది, అణ్ణాచ్చి," అన్నాడు దుకాణదారు తమిళంలో. "లోపల డిస్కు మార్చాం. కెమెరా చూడండి, ఇక్కడుంది. కొత్తదే అనుకోండి."

"అనుకోవడం దేనికి? పాతది పాతదే," అన్నాను. బేరమాడలేదు. వెనక ఆ కంపెనీ అంటించిన చీటీని మాత్రం అక్కడే గోటితో గీకేశాను.

ఇంట్లో బల్ల మీద పెట్టగానే చిన్నత్త అడిగింది. "కొత్తదా సామీ?"

"మన ఇంటికి కొత్తది, అత్తా."

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, తడిగుడ్డతో దాన్ని ముందూ వెనకా తుడిచింది. నేను స్నానం చేసి వచ్చేసరికి తెర పై అంచున, సరిగ్గా నడుమ, చందనం మీద కుంకుమ బొట్టు ఉంది. మా ఇంటికి మోటారు వచ్చినా మిక్సీ వచ్చినా బొట్టు పెట్టనిదే స్విచ్ వేయరు. చూసి సంతోషించాను కూడా.

కోడలికి కాల్ చేశాను. తెర నిండా పెద్దత్త. చిన్నత్త రెండు చేతులూ ఎత్తి గబగబా మాట్లాడసాగింది. పెద్దత్త బదులివ్వలేదు. ముందుకు వంగి, చెంప గిల్లుకుంది. వాళ్ల సైగల్లో అది చెల్లెలి పేరు. తర్వాత అరచేయి తిప్పింది: ఏదీ?

"మాకు ఏమీ కానరాలే. అంతా చీకటిగా ఉండాది," అంది కోడలు. "చిన్నత్తకి ఏమో అయింది, మీరు దాస్తుండారని అత్తమ్మ అనుకుంటాది."

పెద్దత్త మళ్లీ చెంప గిల్లుకుంది. మళ్లీ అరచేయి తిప్పింది. తర్వాత ఆ చేతులు ఒళ్లోకి వెళ్లిపోయాయి.

"ఏదన్నా సెయ్యి సామీ. అక్క ఏడుస్తుండాది."

వైర్లు పీకి పెట్టి, మళ్లీ కాల్ చేశాను. అదే చీకటి. పరాయి వస్తువు తెస్తే ఇంతేనని నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పుడు దుకాణదారు వేలు పెట్టి చూపిన చోటు గుర్తొచ్చింది. ఆ యంత్రానికి కన్ను ఉన్నది నుదుటనే. భుజం మీది తుండు కొన తడిపి బొట్టు తుడిచాను.

పెద్దత్త చేతులు ఒళ్లోంచి లేచాయి.

ఆ తర్వాత వాళ్ల మాటల వేగం నాకు అందలేదు. మధ్యలో పెద్దత్త తన ఎదుటి తెరను తట్టి ఏదో అడిగింది. చిన్నత్త వేళ్లు బయటికి విదిల్చింది. ఆ సైగ నాకు తెలుసు. పరాయివాళ్లది అని.

"నీకెట్లా తెలిసింది అత్తా?"

"ఎనక జిగురుండాది గదా. గుడ్డకి అంటుకునింది."

పెద్దత్త నవ్వుతూ నడుము దగ్గర కుచ్చిళ్లు పట్టుకున్నట్టు చూపి, చెల్లెలి వైపు వేలు పెట్టింది.

"ఏమంటుంది?"

"తాను కట్టి ఇడిచిన పావడలే గదా నేను కట్టినేది, అంటాది. పొలాలుండే దినాల్లోనే మీ తాత నాకు ఒక కొత్త పావడ కుట్టించలే."

కుర్చీ లాక్కుని వాళ్ల పక్కన కూర్చున్నాను.

మరునాడు పొద్దున చూస్తే కంప్యూటర్ వెనక, చీటీ పీకిన జిగురు మచ్చ మీద, కొత్త బొట్టు ఉంది.

"ఆడ దానికి కన్ను లేదు గదా," అంది చిన్నత్త.