ఎదురింటాయన గుమ్మం ముందు ఎవరూ లేరు

1999 జూన్ 12, శనివారం. ఎదురింటాయన పోయి ఇవాళ్టికి మూడో రోజు. పొద్దున్నే మొదటి వింత ఏమిటంటే, మా వీధి సంఘం ప్రెసిడెంటుగారు ఆయన్ని పొగిడారు.

మా అరుగు మీద కుర్చీలో కూర్చుని, అమ్మ ఇచ్చిన కాఫీ ఊదుకుంటూ, "మహానుభావుడండీ. అలాంటి మనిషి మళ్ళీ మన వీధికి రాడు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "అమ్మాయ్, రేపు తొమ్మిదింటికి సంతాపసభ పెడుతున్నాం. నాలుగు మంచి ముక్కలు రాసి నువ్వే చదవాలి. ఆయన ఇల్లు వచ్చేపోయే జనంతో కళకళలాడేదనీ, అందరికీ తలలో నాలుకలా మెలిగేవారనీ... నీకు నేను చెప్పాలా?"

రాస్తానన్నాను. ఇదే రాస్తున్నాను. రేపు వినేవాళ్ళకీ, తర్వాత చదివేవాళ్ళకీ ముందే చెబుతున్నాను. నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు.

గురువారం ఆయన పోస్టాఫీసుకి వెళ్ళి, అక్కడి బెంచీ మీద కూర్చుని మళ్ళీ లేవలేదు. కబురు పోస్టుమాన్ తెచ్చాడు. మా వీధి నుంచి శ్మశానానికి వెళ్ళింది ఇద్దరే. ఒకరు మా నాన్నగారు, రెండోవాడు ఇస్త్రీ బండి అతను. మిగతావాళ్ళకి ఆ సాయంత్రం ఏవో పనులున్నాయి.

ఆయన పంచదార ఫ్యాక్టరీ లాబ్‌లో ముప్ఫయ్యేళ్ళు కెమిస్టుగా చేసి, రిటైరయ్యాక ఒక్కరే కోరుకొండ రోడ్డు దగ్గరున్న మా వీధికి వచ్చారు. భార్య అంతకుముందే పోయారు, పిల్లల్లేరు. మంచి మనిషని నేను రాయను. ఎవరు పలకరించినా "ఏం పని మీద?" అనేవారు. కొత్తలో నేను "బాబాయిగారూ" అంటే, "నన్ను బాబాయి అనకు. మీ నాన్నకి నేను తమ్ముణ్ణి కాను" అన్నారు. మర్యాదకి పుట్టినిల్లని చెప్పుకునే మా గోదావరి జిల్లాల్లో అలా మాట్లాడే మనిషిని నేను అప్పుడే చూడడం.

ఆదివారం మాత్రం ఆయన పక్క వసారాలో బీరు చేసుకునేవారు. బార్లీ గింజలు నానబెట్టి, మొలకలెత్తించి, డాబా మీద ఎండబెట్టి, తిరగలిలో పలుకుగా విసిరేవారు. వారానికి ఒక్క సీసా, అదీ ఆదివారం భోజనానికి ముందు, ఒక్కరే కూర్చుని తాగేవారు. "ముప్ఫయ్యేళ్ళు తీపి చూసి చూసి మొహం మొత్తింది. ఇప్పుడు చేదు చేసుకుంటున్నాను" అని ఒకసారి అన్నారు. ఆయన తన గురించి నాకు చెప్పిన మాట అదొక్కటే.

అవి మద్యనిషేధం రోజులు. 1996 శ్రావణంలో, ప్రెసిడెంటుగారింట్లో వరలక్ష్మీ వ్రతం జరుగుతుండగా, గోడవతల ఎండకి ఆయన సీసా ఒకటి పేలింది. ప్రెసిడెంటుగారి భార్య చేతిలోంచి హారతి పళ్ళెం జారిపడింది. ఆ సాయంత్రమే ఎక్సైజ్ వాళ్ళకి అర్జీ పెట్టాలని నిశ్చయమైంది. రాసే పని నాకు అప్పగించారు. నేనప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. జిల్లా వ్యాసరచన పోటీలో బహుమతి వచ్చి ఇంకా నెల కాలేదు. కొత్త మాట దొరికితే నోట్లో బెల్లంముక్కలా రోజంతా చప్పరించేదాన్ని.

అర్జీ రెండు పేజీలు వచ్చింది. అందులో ఒక వాక్యం నాకు కంఠతా వచ్చు. "చీకటి పడితే చాలు, ఎక్కడెక్కడి తాగుబోతులో ఆ గుమ్మం ముందు మూగుతుండగా, ఆడపిల్లలు తలెత్తుకు తిరగలేని దుస్థితి దాపురించింది." దాపురించింది అనే మాట ఆ వారమే నేర్చుకున్నాను. దాన్ని ఎక్కడ వాడాలా అని తిరుగుతున్నాను.

సంతకాలకి బయల్దేరుతుంటే ప్రెసిడెంటుగారు, "ఒక్క గడప కూడా వదలకమ్మా. మమ్మల్ని అడగలేదని తర్వాత ఎవరూ మాట అనకూడదు" అన్నారు. నేను ఒక్క గడప కూడా వదల్లేదు. వరసలో ఆయన ఇల్లు వచ్చింది. ఆ ఇంటికీ వెళ్ళాను. నవ్వుకోండి. పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లనని నాకు పేరు.

ఆయన కాగితం ముట్టుకోలేదు. "నువ్వే చదువు" అన్నారు. చదివాను. సిగ్గు లేకుండా, పోటీలో చదివినట్టు గొంతు పెంచుతూ దించుతూ చదివాను. ఆ వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపారు.

"అది మళ్ళీ చదువు."

మెచ్చుకుంటున్నారనుకుని మళ్ళీ చదివాను.

"ఎంతమంది మూగారు?"

"అంటే... చాలామందండి."

"ఒక్కడి పేరు చెప్పు."

నేను కాగితం మడత పెట్టబోయాను.

"ఈ ఇంట్లోకి వచ్చి రెండేళ్ళయింది. ఈ గుమ్మం ఎక్కిన మొదటి మనిషివి నువ్వు. అదీ నా మీద అర్జీ పట్టుకుని." తలుపు మీద చెయ్యి వేసి అన్నారు. "వాసన వస్తోంది, నిజం. సీసా పేలింది, నిజం. నిషేధంలో చేస్తున్నాను, అదీ నిజం. ఆ ఒక్క వాక్యం కొట్టెయ్. నేనూ సంతకం పెడతాను."

పరుగున వెళ్ళి ప్రెసిడెంటుగారికి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "వాడింటికి కూడా వెళ్ళావా తల్లీ! సరే అయ్యిందేదో అయ్యింది. అది మాత్రం కొట్టెయ్యకు, అసలు పట్టంతా అక్కడే ఉంది. అది తీసేస్తే ఏం మిగుల్తుంది, కంపు కొడుతోందని చెప్పినట్టుంటుంది. కంపుకి జీపు వస్తుందా?"

కొట్టెయ్యలేదు. పెద్దాయన మాట కాదనలేకపోయానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది రెండో అబద్ధం. ఆ వాక్యం నాకు ముద్దొచ్చింది, అందుకే ఉంచాను.

జీపు వచ్చింది. బీరు మురిక్కాలవలో పోశారు, సీసాలు రోడ్డు మీదే పగలగొట్టారు. నురుగు మా గుమ్మం దాకా వచ్చింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. మా అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "మా అమ్మాయి రాసిందేనండీ" అని పక్కింటావిడకి చెప్పుకుంది. ఆయన్ని రెండు రోజులు లాకప్పులో ఉంచారు. ఆ తర్వాత పది నెలలు కోర్టు చుట్టూ తిరిగారు. తిరిగి తిరిగి వచ్చిన ఒక రోజు నన్ను వీధిలో ఆపి, "మీ అర్జీ జడ్జిగారి ముందు చదివారు. ఆ వాక్యం ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. బాగా రాశావు" అన్నారు. చెంపదెబ్బ తిన్నా అంత మండేది కాదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం నేను బయటికి వస్తే చాలు, వసారాలోంచి కేక వినిపించేది. "రచయిత్రిగారూ, మీ తాగుబోతులు ఇవాళ కూడా రాలేదండీ! దారి తప్పారేమో, ఒక బోర్డు రాసి పెట్టకూడదూ?" వీధంతా వినేది. నవ్వేవాళ్ళు నవ్వేవారు. ఆయన పోతే బాగుండునని నేను రెండు మూడుసార్లు అనుకున్నాను. అదీ ఇక్కడే రాస్తున్నాను.

ఈలోగా నిషేధం ఎత్తేశారు. రోడ్డు చివర దుకాణం తెరిచారు. అర్జీ మీద సంతకాలు పెట్టినవాళ్ళలో కొందరు న్యూస్‌పేపర్లో చుట్టిన సీసాలు చంకలో పెట్టుకుని ఇళ్ళకి రావడం మా డాబా మీంచి చూశాను. పేర్లు రాయను. రేపు ముందు వరస కుర్చీల్లో వాళ్ళే ఉంటారు. ఆయన ఇంట్లో చేసేది చట్టప్రకారం అప్పటికీ తప్పే. అయినా ఇంకో అర్జీ రాయమని నన్నెవరూ అడగలేదు.

డిగ్రీలో చేరిన కొత్తలో ఒక ఆదివారం, ఆ కేక వినపడగానే రోడ్డు దాటి వెళ్ళాను.

"నేనొచ్చానండి."

"నువ్వు తాగుతావా?"

"లేదండి."

"అయితే లెక్కలోకి రావు."

"క్షమించమని అడగడానికొచ్చానండి."

"నన్నెందుకు అడుగుతావు? నాకు నిజం తెలుసు. నువ్వు అబద్ధం చెప్పింది సంతకాలు పెట్టినవాళ్ళకి. వాళ్ళకి చెప్పు." ఒక ముక్కాలి పీట నా ముందుకి తోశారు. "ఆ ధైర్యం ఇప్పుడు లేదులే, మొహం చూస్తే తెలుస్తోంది. కూర్చో. చూసింది చూసినట్టు రాయి. చూడనిది రాస్తే లేపి పంపించేస్తాను."

అలా ఆరు ఆదివారాలు వెళ్ళాను. అమ్మ మా అరుగు మీద బియ్యం ఏరుకుంటూ కాపలా కూర్చునేది. "మీ అమ్మగారిని కూడా రాసుకో, ఆవిడా కనిపిస్తున్నారుగా" అనేవారు ఆవిడకి వినపడేలా. విసిరిన బార్లీని వేడినీళ్ళలో వేసి, పాత లాబ్ థర్మామీటరు పట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడేవారు. వేడి చేత్తో చూసి చెప్పడం, రంగు కంటితో అంచనా వెయ్యడం ఆయనకి గిట్టేది కాదు. వడకట్టి మరిగించేటప్పుడు గుప్పెడు నేలవేము వేసేవారు. అసలు వెయ్యాల్సిన పువ్వేదో చలిదేశాల్లో పండుతుందట, రాజమండ్రిలో దొరకదట. "చేదుకి చేదు. మనకున్నది ఇది" అన్నారు.

నా కాగితాలు ఎర్రసిరా పెన్నుతో దిద్దేవారు.

"బంగారు రంగు అన్నావు. ఏదీ, మీ అమ్మ గాజు పక్కన పెట్టి చూడు."

"గోమూత్రం రంగులో ఉందండి."

"అది రాయి. మధురమైన పరిమళమట! ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పు."

"ఉడికించిన దాణా వాసనండి."

"మరి? దాణా అనడానికి నామోషీయా?"

ఒక్క చుక్క ఎప్పుడూ నాకు పొయ్యలేదు, నేనూ అడగలేదు. ఒక్కసారి కూడా బాగుందనలేదు. ఆరో ఆదివారం నాలుగు పేజీలూ చదివి, ఒక్క గీతా పెట్టకుండా తిరిగిచ్చి, "వచ్చేవారం నువ్వు రానక్కర్లేదు" అన్నారు. ఏడుస్తూ ఇంటికొచ్చాను. ఆ పై ఆదివారం నుంచి వసారాలో కేకలు మళ్ళీ మొదలు. "రచయిత్రిగారూ, ఇవాళ కూడా ఎవరూ రాలేదండీ!" మొన్న ఆదివారం కూడా అన్నారు. నేను తలుపు వేసేసుకున్నాను.

ఆయన నన్ను క్షమించలేదు. నాకు కూడా ఆయన మీద కోపం పోలేదు. కానీ ఇప్పుడు ఏ వాక్యం రాసినా, ఒక్కడి పేరు చెప్పమని ఎవరో అడిగినట్టే ఉంటుంది. కాలేజీలో నాకు చదువు చెప్పినవాళ్ళెవరూ అంత పని చెయ్యలేదు.

కాబట్టి సంతకాలు పెట్టిన పెద్దలారా, దాదాపు మూడేళ్ళు ఆలస్యంగా చెబుతున్నాను. ఆ గుమ్మం ముందు తాగుబోతులెవరూ మూగలేదు. అది నేను కల్పించి రాశాను. దాని మీద మీరు సంతకాలు పెట్టారు. మీ ఇళ్ళు కూడా ఈ వీధిలోనే ఉన్నాయి, మీకూ తెలుసు. ఆయన ఇల్లు జనంతో కళకళలాడేదని ఇప్పుడు రాయమంటున్నారు. అదీ రాయను. నా ఆరు ఆదివారాలు తప్పిస్తే ఆ ఇంటికి ఎవరూ వెళ్ళలేదు, మనమెవరమూ వెళ్ళలేదు.

ఇది రాస్తూ మధ్యలో లేచి ఎదురింటికి వెళ్ళాను. నరసాపురం నుంచి వచ్చిన ఆయన చెల్లెలుగారు ఒక్కరే ఉన్నారు. "అమ్మా, ఆ వసారా మూల ఏదో శబ్దం వస్తోంది. నాకు భయంగా ఉంది, కాస్త చూస్తావా?" అన్నారు. వెళ్ళి చూశాను. ఒక డ్రమ్ము ఉంది. మూతలోంచి సన్నటి సెలైన్ గొట్టం బయటికొచ్చి నీళ్ళ సీసాలో మునిగింది. కొంచెంసేపటికోసారి ఆ నీళ్ళలోంచి ఒక బుడగ పైకి వచ్చి, బుడుక్కుమని పగులుతోంది. ఆయన మొన్న ఆదివారం పులియబెట్టింది.

"ఏంటమ్మా అది?"

"బీరండి. ఇంకా పులుస్తోంది."

"అన్నయ్య లేడుగా. పారబోయించెయ్యనా?"

"వద్దండి. ఇంకా రెండు రోజులుంది. నేను చూస్తాను."

డ్రమ్ముకి చుట్టిన గోనెపట్టా ఎండి గట్టిపడిపోయింది. ఈ ఎండల్లో తడి లేకపోతే లోపల వేడెక్కి పాడైపోతుంది. ఇప్పుడొక బిందెడు నీళ్ళు పోసి వచ్చాను. రేపు తొమ్మిదింటికి సభలో ఇది చదువుతాను. తర్వాత వీధిలో నాతో ఎవరు మాట్లాడతారో, అమ్మ ఇంట్లోకి రానిస్తుందో లేదో తెలీదు. అంతకుముందు ఆరింటికల్లా వెళ్ళి, ఎండ వసారాలోకి రాకముందే ఆ గోనెపట్టా మళ్ళీ తడపాలి.