సిలిండర్లకు కట్టిన దారం

నాచారంలో మేం పనిచేసే అట్టపెట్టెల కంపెనీలో, మంటలార్పే సిలిండర్లు ఏవి కొనాలో, ఎక్కడ తగిలించాలో చూసుకునేది నేను. మా అక్క భర్త, అంటే మా బావ, అక్కడే ఎలక్ట్రీషియన్. చూపుకు సిలిండర్లన్నీ ఎర్రవే, లోపలి సరుకు వేరు. అట్టల గోదాములో నీళ్లది పెట్టాను. కరెంటు ప్యానెల్ పక్కన గ్యాసుది, నల్లటి వెడల్పు మూతి ఉన్నది. కరెంటు మీద నీళ్లు కొడితే కొట్టినవాడి ప్రాణానికే ముప్పు. క్యాంటీన్‌లో నూనె మూకుడుకు ఇంకో రకం.

“అంతట ఒక్కతీరుదే తెస్తే ఏమైతది?” అని యజమాని విసుక్కున్నాడు. నేను వినలేదు. ఈ విషయంలో నాకు మొండితనం ఎక్కువ.

ఆయుధపూజ మాత్రం బావదే. మిషన్లకు, స్పానర్లకు, పనిలో పనిగా నా సిలిండర్లకు కూడా చేస్తాడు.

“ఆపదల ఆదుకునే ఆయుధం గదే గద, బామ్మర్దీ,” అంటాడు.

ఆ దసరాకు నేను పెందలాడే మేడిపల్లిలోని మా ఇంటికి వెళ్లిపోయాను. బావ సిలిండర్లన్నీ దించి, కడిగి, వరుసగా పెట్టి పసుపు పూసి, బొట్లు పెట్టాడు. పిడికీ, లాగితే తప్ప సిలిండర్ పనిచేయని పిన్నుకూ కలిపి పసుపు దారం గట్టిగా చుట్టాడు. హారతి అయ్యాక ఏ కొక్కెం ఖాళీగా కనిపిస్తే దానికి తగిలించాడు.

పండుగ సెలవు తర్వాత మిషన్లు ఆన్ చేసిన కాసేపటికే ప్యానెల్‌లోంచి పొగ, వెంటనే మంట. బావ పక్కనున్న సిలిండర్ అందుకున్నాడు. నేను స్టోర్ గుమ్మంలో ఉన్నాను. ఆయన చేతిలో నల్లటి మూతి కనిపించలేదు, సన్నటి రబ్బరు పైపు కనిపించింది.

“బావా, అది నీళ్లది! కొట్టకు!”

మిషన్ల మోతలో ఆయనకు వినపడలేదు. పిన్ను లాగుతున్నాడు. అది రావడం లేదు. తాను కట్టిన దారమే దాన్ని పట్టుకుని ఉంది. నేను పరుగెత్తుకెళ్లి సిలిండర్ లాక్కుని పక్కన పడేశాను.

గ్యాసుది గోదాములో దొరికింది. తెచ్చాను. దానికీ దారం ఉంది. గోళ్లతో లాగాను, పళ్లతో కొరికాను, తెగలేదు. మంట పైనున్న వైర్లను అందుకుంటోంది.

“జల్ది తియ్యిరా!” అని బావ అరిచాడు.

నా వల్ల కాలేదు. ఇక ఆగలేక ఆయన మంటలోకే చెయ్యి పెట్టి మెయిన్ దించేశాడు. అప్పుడు తెగింది నా చేతిలోని దారం. గ్యాసు కొట్టాను, మంట ఆరిపోయింది. బావ కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది.

దవాఖానా నుంచి ఉప్పల్‌లోని వాళ్లింటికి తీసుకెళ్లాక బావ అక్కకు నీళ్ల సిలిండర్ సంగతి చెప్పాడు. రెండోదానికి దారం తెగని సంగతి చెప్పలేదు. నా వైపు చూశాడు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు సిలిండర్లను కొక్కెం మీదే ఉంచి, వెనక గోడకు బొట్టు పెడతాడు బావ. దారం ఊసెత్తడు. ఆ చేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. స్క్రూడ్రైవర్ ఎడమ చేత్తో తిప్పడం నేర్చుకున్నాడు.

మొన్న వాళ్లింటికి వెళ్తే, అక్క ఆ చేతికి కొబ్బరినూనె రాస్తోంది. మణికట్టుకు కొత్త పసుపు దారం కట్టి ఉంది.

“ఆ దినం దారమే గీయన్ని కాపాడింది, తమ్మీ. గందుకే ఇప్పనిస్తలేను,” అంది.

బావ దారం తడవకుండా కొంచెం పైకి జరిపి, చెయ్యి మళ్లీ ఆమె ముందుకు చాచాడు.