జానెడు వాకిలి

క్యోటో శివారులోని ఆ ఏటవాలు వీధిలో తెల్లవారగానే వినిపించే మొదటి చప్పుడు ఫుమియే చీపురుది. నడుముకు నీలంగుడ్డ బిగించి, తన ఇంటి ముందరి కాలిబాటంతా ఊడ్చి, పక్కింటి హద్దు దాటి ఒక్క జానెడు ఊడ్చి ఆగుతుంది. ఆ జానెడు ఊడవకపోతే పిసినారితనం, అంతకు మించితే పక్కింటివాళ్లను ఎత్తిపొడిచినట్టు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఈ సంగతి తెలియక, ఉత్సాహం కొద్దీ పక్కింటి షిజు వాకిలి మొత్తం ఊడ్చేసింది. షిజు తలుపు తీసి నవ్వుతూనే అంది: "ఏమ్మా, మా ఇంట్లో చీపురు లేదనుకున్నావా?" ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఇద్దరి చీపుళ్లూ హద్దు దగ్గర కలుసుకున్నాయి. వానల కబుర్లూ ముల్లంగి ఊరగాయల కబుర్లూ అక్కడే సాగాయి.

షిజు పోయాక ఆ ఇంటికి తాళం పడింది. ఈ ఆకురాలు కాలంలో గింకో చెట్ల ఆకులు ఆ వాకిట్లో పేరుకుని, వానకు నాని, నూనె పోసినట్టు జారుతున్నాయి. "నువ్వే ఊడ్చెయ్యరాదా పిన్నీ?" అన్నాడు పాలు వేసే అతను. "అది ఆవిడ వాకిలి నాయనా, నేనెలా ముట్టుకోను?" అంది ఫుమియే. మర్నాడు చేతికర్రతో నడిచే కషివగి తాత అక్కడే జారిపడ్డాడు. మోచెయ్యి దోక్కుపోయింది. ఆయన్ను ఇంటికి చేర్చి వచ్చి, ఫుమియే చీపురు పట్టుకుని హద్దు దగ్గరికి వెళ్లింది. మూసిన తలుపుకు తల వంచి, "అవునక్కా, మీ ఇంట్లో చీపురు లేదనే అనుకున్నాను" అని, మొత్తం ఊడ్చింది. అవతలి హద్దు చేరాక కూడా ఆగలేదు. షిజు తరఫున ఆ అవతలి ఇంటి ముందు ఇంకో జానెడు ఊడ్చింది.