ఆరు పుష్‌రాడ్లు, రెండు పార్టీలు

ఎనభయ్యో దశకం నడిమిలో, పసుపు నాట్లు ముగిసిన రోజుల్లో, నన్ను పులివెందుల నుంచి ప్రొద్దుటూరు ప్రభుత్వ యంత్రాల వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. హెల్పరు, ఫిట్టరు, చార్జిమన్, ఆ పైన ఫోర్‌మన్. నా మీద ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఒక్కరే. పెన్న వెంబడి ఎత్తిపోతల పంపులను నడిపే డీజిల్ ఇంజన్లన్నీ మా లెక్కలోవే.

వాటిలో ఒకటి జమ్మలమడుగు అవతల ఒక ఊళ్లో ఉండేది. ఊరి పేరు రాయను. ఆనాడు కత్తులు నూరుకున్నవాళ్లు ఈనాడు వియ్యమందారు, పాతవి తవ్వడం ఎందుకు? పై వీధి వెంగళరెడ్డి పార్టీ, కింది వీధి చిన్నోబయ్య పార్టీ. ఆ ఊళ్లో టీకొట్లు రెండు, మంగలి షాపులు రెండు. ఏటి ఒడ్డున ఇంజన్ మాత్రం ఒకటే. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఆ ఇంజన్ విప్పడానికి ఒక కట్టుబాటు ఉండేది. రెండు పార్టీల నుంచి చెరొక మనిషి వచ్చి ఎదురుబొదురుగా కూర్చోవాలి. విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టాలి. బాగుచేశాక అవే భాగాలు అవే చోట్లలో బిగించాలి. కొత్త సామాను కనిపిస్తే చాలు, అవతలి పార్టీవాళ్లు ఏదో మార్పించారని గొడవ. ఈ పద్ధతి నాకు మొదట్లో తెగ నచ్చింది. ఇంత నిక్కచ్చిగా పనిచేసే ఫోర్‌మన్ జిల్లాలో ఇంకొకడు లేడని మురిసిపోయాను కూడా.

ఆ ఏడు ఇంజన్ వేడెక్కి, సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డు వంగింది. ప్రొద్దుటూరు తెచ్చి ఫేసింగ్ పట్టించాను. అంటే వంకర పోయేదాకా హెడ్డు అడుగును మెషిన్ మీద పలచగా కోయించడం. మొదటి కోతకు చదును కాలేదు, రెండోసారి కోయాల్సి వచ్చింది. మొత్తం ఒకటిన్నర మిల్లీమీటర్ల పైమాటే. ఇద్దరు సాక్షుల ముందు అదే హెడ్డు, వాల్వులను తెరిపించే అవే ఆరు పుష్‌రాడ్లు, చీటీల ప్రకారం బిగించి వచ్చాను.

పన్నెండు రోజులకు ఒక పుష్‌రాడ్డు వంగింది. మా ఫిట్టరు పోయి దాన్నే సాపు చేసి పెట్టివచ్చాడు. వారం తిరక్కుండా అదే మళ్లీ వంగింది.

ఇంజన్ నడిపేవాడు యేసురత్నం. మిషను బడిలో ఎనిమిది దాకా చదివిన నెమ్మదైన మనిషి. వాళ్ల పేట ఓట్లు కింది వీధికి పడ్డాయని వెంగళరెడ్డికి ముందునుంచే కడుపుమంట. కాలువ నీళ్లు మొదట పారేది పై వీధి పసుపుకు. ఇంజన్ ఆగితే ఎండేదీ అదే. ఇంకేం కావాలి? యేసురత్నమే కావాలని చెడగొడుతున్నాడని పై వీధివాళ్లు తీర్మానం చేసేశారు. మా ఏఈ నాకొక ఫారం ఇచ్చి, "కారణం దగ్గర ఆపరేటర్ అజాగ్రత్త అని రాసేయండి, ఎవరికీ తలనొప్పి ఉండదు" అన్నారు. ఆ రెండు మాటలు రాస్తే యేసురత్నం ఆ ఊళ్లో ప్రాణాలతో ఉండడని ఆయనకు తెలియదో, తెలిసీ అన్నారో నేను అడగలేదు. ఫారం జేబులో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను.

పంపుషెడ్డు దగ్గర వెంగళరెడ్డి మనుషులతో సహా ఉన్నాడు, అవతలి పక్క సాక్షిగా చిన్నోబయ్యే వచ్చి కూర్చున్నాడు. "ఏంది ఫోర్‌మనప్పా, నువ్వు బాగుచేస్తాండావు, వాడు చెడగొడ్తాండాడు. ఎన్నాళ్లు ఈ ఆట? ఈరోజు నువ్వన్నా తేల్చు, లేకుంటే మేం తేలుస్తాం" అన్నాడు. యేసురత్నం షెడ్డు మూలన నిలబడి, "సార్, నేను దీన్ని బిడ్డ మాదిరి చూసుకుంటాండా. నా చేత్తో ఏం చేయలేదు సార్" అన్నాడు.  నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో ఇంకా తెలియదు.

రాకర్ కవరు విప్పాను. ఇంజన్ లోపల కింద తిరిగే క్యామ్‌షాఫ్టు పుష్‌రాడ్డును పైకి తోస్తే, అది రాకర్ ఒక చివరను లేపుతుంది, రెండో చివర వాల్వును నొక్కి తెరుస్తుంది. రాడ్డు తలలో చిన్న గిన్నె, అందులో రాకర్ స్క్రూ గుండు కూర్చుంటుంది. స్క్రూ తిప్పి టాపెట్ సందు, అంటే రాకర్‌కూ వాల్వుకూ మధ్య ఉండాల్సిన సన్నటి ఖాళీ, సరిచేస్తాం. చూస్తే ఆరు స్క్రూలూ పైకంటా లాగి ఉన్నాయి, ఇక తిరిగే చోటు లేదు. రాకర్ అడుగున, గిన్నె అంచు తగిలే చోట, నెలవంకలా మెరిసే గీత. ఒక్కదానికి కాదు, ఆరింటికీ.

అప్పుడు తెలిసింది కోపం ఎవరి మీద రావాలో. హెడ్డును కోయించింది నేను. హెడ్డు కిందికి దిగితే రాకర్లూ దిగుతాయి, పాత రాడ్లు పొడవైపోతాయి, గిన్నె అంచు రాకర్‌కు తట్టి రాడ్డు వంగుతుంది. మొదటిసారి బిగించినప్పుడే సందు కొలిచే ఫీలర్ గేజి రేకు ఇరుక్కుంటూ దూరింది, స్క్రూ చివరికంటా పోయింది. చూసీ ఊరుకున్నాను. చీటీలు సరిపోయాయి కదా అనుకున్నాను.

నాతో తెచ్చుకున్న తుక్కు రాడ్డును రెండుగా కోసి, మధ్యలో మర బోల్టు పెట్టి, పొడవు పెరిగి తగ్గేలా చేసుకున్నాను. అది కొలత రాడ్డు. మొదటి సిలిండర్‌లో రెండు వాల్వులూ మూసుకున్న దగ్గర ఇంజన్ ఆపి, స్క్రూను సగానికి దించి, కొలత రాడ్డు పెట్టి సందు సరిపోయేదాకా తిప్పి నట్టు బిగించాను. గిన్నెలో బేరింగు గుండు ఒకటి పెట్టి, గుండు పైనుంచి రాడ్డు అడుగుదాకా పెద్ద వెర్నియర్‌తో కొలిచాను. పాత రాడ్డునూ అలాగే కొలిచాను. తేడా రెండు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ.

ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు? తగిలిన చోటల్లా అంటి గుర్తు చూపే నీలిరంగు ముద్ద తీసి, "ఏ రాడ్డు కావాలో నువ్వే చూపించు రెడ్డీ" అన్నాను. మూడోది చూపించాడు. చిన్నోబయ్య ఐదోది అన్నాడు. గిన్నెల అంచులకు నీలం పూసి, వెంగళరెడ్డి చేతికే హ్యాండిల్ ఇచ్చి తిప్పమన్నాను. రెండు రాకర్ల అడుగునా నీలం అంటింది. కొలత రాడ్డుకు పూసి మళ్లీ తిప్పించాను. రాకర్ శుభ్రంగా ఉంది.

వెంగళరెడ్డి రాకర్‌ను వేలితో తుడిచి తుడిచి చూశాడు. "అంటే తప్పు వానిది కాదా?"

"కాదు. నాది. కోయించినాక కొలవలేదు."

 ముందు చిన్నోబయ్యే నవ్వాడు. "శానా ఏండ్లకు ఈ ఊళ్లో ఒక మనిషి తప్పు నాదన్యాడు మామా" అన్నాడు, వెంగళరెడ్డి వైపు చూసి. వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకోవడం నేను చూడటం అదే మొదలు. వెంగళరెడ్డి వేలికంటిన నీలం తుడుచుకుంటూ, "రాడ్లు కురచ చేయించుకురా పోప్పా, పసుపు ఎండుతాండాది" అన్నాడు నాతో.

చిన్న సైజువి అంగట్లో దొరకలేదు. ప్రొద్దుటూరు లేతు షాపులో ఐదు పాత రాడ్ల అడుగు గుండ్లు ఊడదీయించి, గొట్టాలు కోయించి, మళ్లీ నొక్కించాను. రెండుసార్లు వంగినదాన్ని పారేసి, దాని బదులు కొత్తదాన్ని అదే పొడవుకు కోయించాను. సాక్షులిద్దరూ వచ్చారు, వేరు వేరు బస్సుల్లో. కొత్త రాడ్డు చూసి ఇద్దరిలో ఒక్కడూ నోరెత్తలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఇంజన్‌ను నేను ముట్టుకోలేదు. యేసురత్నాన్నే స్టార్ట్ చేయమన్నాను. రెండో తిప్పుకే అందుకుంది. టక్ టక్‌మని ఆరు టాపెట్లూ ఒకే వరసలో, వినసొంపుగా. పైపు నిండా పెన్న నీళ్లు ఎగిసి కాలువలో పడ్డాయి. యేసురత్నం కళ్లు తుడుచుకోవడం వెంగళరెడ్డితో సహా అందరూ చూశారు. నాకు ఆ రోజు ఉన్నంత గర్వం రిటైర్మెంట్ సభలో కూడా లేదు.

ఫారంలో కారణం దగ్గర ఇలా రాశాను: హెడ్డు ఫేసింగ్ తర్వాత పుష్‌రాడ్ల పొడవు సరిచూడలేదు, బాధ్యుడు ఫోర్‌మన్. ఏఈ మెమో ఇచ్చారు, తీసుకున్నాను. కరెంటు మోటారు వచ్చేదాకా ఆ ఇంజన్ మళ్లీ రాడ్డు వంచలేదు, యేసురత్నమే నడిపాడు.

పాత భాగాన్ని పాత చోటే పెట్టడం న్యాయంగా కనిపిస్తుంది. పక్కదాన్ని కోశాక ఆ చోటు పాతది కాదు, మళ్లీ కొలవాల్సిందే. ఫోర్‌మన్ కొలవకపోతే, దానికి జవాబు చెప్పాల్సి వచ్చేది ఇంజన్ పక్కన నిలబడ్డవాడు.