విట్‌కాంబ్ ఇంటి ఉత్తరపు గది

మా దేవకుమార్‌కి కాలు ఒకచోట నిలవదు. ప్రార్థన మధ్యలో కూడా లేచి, కిటికీ గొళ్ళెం ఊపి చూసి వచ్చేవాడు. బాపట్లలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాడు. డెట్రాయిట్‌లో కార్ల కంపెనీకి బొమ్మలు గీస్తుండగా 1980లో ఆ ఉద్యోగం ఊడింది. పాత ఇళ్ళు కొలిచే ఒక చిన్న ఆఫీసులో చేరాక మరీ కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు.

ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర ఒక పార్కు మధ్యలో విట్‌కాంబ్ హౌస్ ఉండేది. ఎవరో ధనవంతుడు వేసవి విడిదిగా కట్టించుకున్న పాత ఇటుక ఇల్లు. దాని ఉత్తరం పక్కన పొడుగాటి చెక్కగది. ఆదివారం మధ్యాహ్నాలు పార్కు వాళ్ళు దాన్ని మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఇచ్చేవారు. అంతకుముందు ఒకరింటి బేస్‌మెంట్‌లో, కప్పు తగులుతుందని తలలు వంచుకుని పాడేవాళ్ళం.

దేవకుమార్ ఆ ఆఫీసులో చేరిన మరుసటి ఏడు పార్కు వాళ్ళు ఇంటిని బాగుచేయించాలనుకున్నారు. మొదట కట్టింది ఉంచుతారు, తర్వాత అతికించింది తీసేస్తారు. ఏది ఎప్పటిదో తేల్చే పని, ఇంకెక్కడా మనుషులు లేనట్టు, దేవకుమార్‌కే వచ్చింది. గది పాతదే కావాలని పాస్టరుగారు మా అందరిచేతా ఉపవాస ప్రార్థన చేయించారు. ఎప్పుడో కొట్టిన మేకుని ప్రార్థన మారుస్తుందా అని నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే ఉపవాసం ఉన్నాను.

పాతకాలపు చదును మేకైతే గది ఇంటినాటిది, ఈ కాలపు గుండ్రటి తీగ మేకైతే తర్వాతిది. దేవకుమార్ గోడల్లోంచి, దూలాల్లోంచి, నేల చెక్కల్లోంచి పీకి చూశాడు. అన్నీ గుండ్రటివే. వారమంతా అన్నం సయించక, వంటింటికీ గరాజ్‌కీ మధ్య తిరుగుతూనే ఉన్నాడని అతని భార్య లూసీ చెప్పింది.

ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ లేచాడు.

"గది తర్వాత కట్టిందేనండీ. రిపోర్ట్ ఇచ్చేశాను."

సంఘంలో పెద్దావిడ దీనమ్మగారు అడిగింది. "ఆ మేకులు ఇంకెవరైనా చూశారా బాబూ?"

"లేదండీ, నేనొక్కడినే."

"మరి ఊరుకుంటే పోయేది కదయ్యా."

"నా మాటే ఫైనల్ అండీ అక్కడ. అందుకే ఊరుకోలేకపోయాను."

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పడానికి ఇతనికి మా గదే దొరికిందా? ఆ తర్వాత చాలామంది అతని పలకరింపుకి బదులివ్వడం మానేశారు.

చివరి ఆదివారం మేం వెళ్ళేసరికి అతను టేపు పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. గదిని ఇంటి నుంచి వేరుచేసే కోత ఎక్కడ పడాలో సుద్దతో గీత గీయాలి. మర్నాడు పొద్దున్నే రంపం వస్తుంది. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. పలావు గిన్నెలతో అందరం గుమ్మంలోనే ఆగిపోయాం. అతను ఒక్కడే టేపుతో తంటాలు పడుతుంటే జాలేసింది, కానీ ఎవరి కాలూ ముందుకు పడలేదు.

దీనమ్మగారు గిన్నె కింద పెట్టి, వెళ్ళి టేపు కొస అందుకుంది.

"ఎక్కడ ఆనించమంటావు, నాయనా?"