బోర్లించిన పళ్లాలు

మీ షోకేసులో నీలం పువ్వుల పళ్లెం ఉంది. అది ఏ ఊరిదో మీకు తెలీదు... తెలుసుకోవాలని మీరు ఎప్పుడూ అనుకోలేదు. "హ్యాండ్‌మేడ్ అండీ" అంటారు, అక్కడితో సరి. చేతులకి ఊరుండదా?

పరాయి దేశంలో, క్లేటన్‌లో మా చదువుల రోజుల్లో... శనివారం మధ్యాహ్నాలు నేనూ, మా రూమ్మేట్ వరంగల్ శ్రావణీ కమ్యూనిటీ హాల్లో పింగాణీ క్లాసుకి పోయేవాళ్లం. నేర్పేది సమీరా ఆంటీ. పాలస్తీనాలోని హెబ్రాన్ ఆవిడ సొంత ఊరు. వాళ్ల నాన్న కార్ఖానాలో కుంచె పట్టడం నేర్చుకున్న మనిషి.

ఆవిడ క్లాసులో ఒక పద్ధతి ఉండేది. పళ్లెం వెనక ఊరి పేరూ, ఆ పువ్వు నేర్పినవాళ్ల పేరూ రాయనిదే ముందువైపు కుంచె పెట్టనిచ్చేది కాదు. నా పళ్లెం మీద మా అమ్మ చీరలకి అద్దే కలంకారీ పువ్వు వేయించింది. వెనక "పెడన, అమ్మ" అని రాయించింది.

"వెనక ఎవరు చూస్తారు ఆంటీ?" అన్నాను.

"ఎవరూ చూడరు. కానీ బట్టీలో కాలాక ఎవరూ చెరపలేరు."

ఏడాది చివర ప్రదర్శన. పొద్దున్నే వెళ్లేసరికి ఆంటీ పళ్లాల ముందు కార్డులు మారిపోయి ఉన్నాయి. "పాలస్తీనా" పోయింది, "మిడిల్ ఈస్ట్ తరహా అలంకరణ" వచ్చింది. హాల్ మేనేజరు నవ్వుతూ చెప్పాడు... "ఇవాళ ఫ్యామిలీ డే కదా, రాజకీయాలెందుకు?"

పుట్టిన ఊరి పేరు రాజకీయం అట. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆంటీ కుంచెలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ వెళ్లిపోతే ఆ క్లాసు కూడా ఉండదని మాకు తెలుసు.

శ్రావణి నా చెయ్యి గుంజింది. "కార్డులు మారిస్తే మార్చుకోనియ్యే. పళ్లాలన్నీ బోర్లిద్దాం, పా."

బోర్లించాం. ఆంటీవీ, మావీ, అందరివీ. పువ్వులన్నీ కిందికి పోయాయి... తెల్లటి వెనకల మీద నీలం అక్షరాలు పైకొచ్చాయి. హెబ్రాన్, పాలస్తీనా, నాన్న. పెడన, అమ్మ. వరంగల్, నాయనమ్మ.

వచ్చినవాళ్లు ముందు ఊరు చదివారు. తర్వాతే తిప్పి పువ్వు చూశారు. పిల్లలు పైకి చదువుతుంటే మేనేజరు పరుగున వచ్చాడు, తిప్పేయమన్నాడు. "ఉండనివ్వండి, చదువుతున్నాం" అంది ఓ ముసలావిడ, పళ్లెం వదలకుండా. చుట్టూ జనం కదల్లేదు.

మధ్యాహ్నానికి పాత కార్డులు తిరిగొచ్చాయి. తర్వాతి టర్ములో బోర్డు మీద "పాలస్తీనా పింగాణీ" అని రాశారు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆంటీ సంచి విప్పి కుంచెలు మళ్లీ బయట పెట్టింది... "ఇక పళ్లాలు తిప్పండర్రా, నా పువ్వులకి ఊపిరాడట్లేదు" అంది.

ఇప్పుడు షాపులో ఏ పళ్లెం తిప్పినా వెనక బార్‌కోడే కనిపిస్తోంది. అందుకే అడుగుతున్నాను.

ప్రదర్శన పెడితే కార్డు మీద ఊరు రాయండి. దేశం కూడా రాయండి, గొంతు తగ్గించకుండా.

కలంకారీని "ఎత్నిక్ ప్రింట్" అని అమ్మడం ఆపండి.

నేర్పేవాళ్లు ఉండగానే వాళ్లకో గది, ఓ బట్టీ ఇవ్వండి.

ఇవాళ మీ ఇంట్లో ఒక పళ్లెం బోర్లించండి. వెనక ఏముందో కింద కామెంట్లో రాయండి. ఏమీ లేకపోతే, అదీ రాయండి.